ఆట లేని ఏడాది గడ్డి

మా మరిది టీ నిలబడి తాగే మనిషి. తెల్లారకముందే మా గుమ్మంలోకి వచ్చి, రెండు గుక్కల్లో గ్లాసు ఖాళీ చేసి, ఫుట్‌బాల్ మైదానానికి పరుగెత్తేవాడు. ఆ ఏడాది కూర్చుని తాగడం మొదలుపెట్టాడు. గ్లాసు ఖాళీ అయినా లేచేవాడు కాదు.

రోగం భయంతో ఆటలన్నీ ఆపేశారు. పెద్ద క్లబ్బులకు టీవీల వాళ్ళ డబ్బు ఉంటుంది. మాది అట్టడుగు లీగులో ఆడే చిన్న క్లబ్బు. గేటు దగ్గర జనం కొనే టిక్కెట్లే దానికి కూడూ గుడ్డా. గేటు మూతపడగానే ఆటగాళ్ళు ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. మరిది జీతం ముందు సగమైంది, తర్వాత ఆ సగమూ ఆగింది. తోటికోడలూ నేనూ ఒకే పొయ్యి మీద వండడం మొదలుపెట్టాం.

మైదానం చూసుకునే పని అన్నదమ్ములిద్దరిదీ. మా ఆయన పోయాక మరిది ఒక్కడే చూస్తున్నాడు. ఆటగాళ్ళకు అతను గడ్డి బాబాయి. ఆటలు ఆగే ముందు వారమే, సీజను వస్తోంది కదా అని మైదానమంతా పశువుల ఎరువు చల్లాడు. తీరా చూస్తే తొక్కేవాళ్ళు లేరు, కోత యంత్రానికి పెట్రోలు లేదు. గడ్డి మోకాళ్ళ దాకా లేచింది.

"ఆటకని చల్లితే అడివి మొలిచింది వదినా. అన్నయ్య ఉంటే నా చెవి మెలేసేవాడు," అన్నాడు ఒకరోజు.



క్లబ్బు లెక్కలు చూసేది మా వీధి దర్జీ. ఒక పొద్దున మరిది టీ తాగుతుంటే మా గుమ్మం దగ్గరికే వచ్చి కబురు చెప్పాడు. ఎవరో కంట్రాక్టరు లారీలు నిలుపుకోవడానికి మైదానం అద్దెకు అడిగాడట.

"నీళ్ళ మోటారు బిల్లు కట్టకపోతే కరెంటు తీసేస్తారు. నన్నేం చెయ్యమంటావు, నా కుట్టుమిషను అమ్మమంటావా?"

"లారీ చక్రాలు తిరిగితే ఆ నేల రాయైపోతుందయ్యా. రేపు ఆటలు మొదలైతే ఎక్కడాడతారు, నీ షాపులోనా?"

"నా షాపులో గోల్‌కీపరుకు సుఖం. చెయ్యి చాపితే రెండు గోడలూ అందుతాయి."

ఇద్దరూ నవ్వారు గానీ, ఆ నవ్వు పెదాలు దాటలేదు.

నాకు పాలు పోస్తూ మా వీధి పాల పిన్ని ఇదంతా వింటోంది. "మోకాలెత్తు గడ్డి పెట్టుకుని ఏడుస్తారేంట్రా? మేత దొరక్క నా గొడ్లు గోడలు నాకుతున్నాయి. కోసివ్వండి, డబ్బులిస్తాను."

మరిది ముఖం ఎర్రబడింది. "మైదానం గడ్డి గొడ్లకా? ఆటగాళ్ళు వింటే ఏమనుకుంటారు?"

"ఆటగాళ్ళకంటే గొడ్లే నయం. జీతం అడగవు," అన్నాడు దర్జీ.

మరిది నా వైపు చూశాడు. అన్నను అడగాల్సిన మాట నన్ను అడుగుతున్నాడని తెలిసింది. మామూలుగా నేను ఇలాంటి మాటల్లో తల దూర్చను.

"కోసెయ్. గడ్డి మళ్ళీ వస్తుంది. లారీలు వేరునే చంపేస్తాయి," అన్నాను.

మర్నాడే కొడవలి పట్టాడు. అటు చివరి దాకా కోసేసరికి ఇటు చివర మళ్ళీ లేచేది. పిన్ని చెప్పగా ఇంకా నలుగురు పశువుల వాళ్ళు వచ్చారు. మోటారు బిల్లు గట్టెక్కింది. దర్జీ కంట్రాక్టరుకు కుదరదని చెప్పేశాడు. జీతం మాత్రం రాలేదు. పిన్ని మా దగ్గర పాల డబ్బులు తీసుకోవడం మానేసింది.

మరుసటి ఏడు ఆటలు మొదలయ్యాయి. కొందరు ఆటగాళ్ళు వేరే పనుల్లో పడి తిరిగి రాలేదు. ఉన్నవాళ్ళతోనే జట్టు కట్టారు. మా ఆయన పోయాక నేను మైదానానికి వెళ్ళడం అదే మొదలు. గేటు దగ్గర వరస వీధి మలుపు దాకా ఉంది. ఓడిపోయాం, అయినా జనం చప్పట్లు కొట్టి మరీ వెళ్ళారు.

గోలు ముందు బూట్లు గడ్డిని పెళ్ళగించి గుంటలు చేశాయి. దర్జీ మట్టి తట్ట మోసుకొచ్చాడు.

"ఈ సాయంత్రమే పూడ్చకపోతే వేర్లు ఎండుతాయని నువ్వేగా అంటావు. లే, లే."

మరిది గోలు స్తంభానికి ఆనుకుని కాళ్ళు చాపుకున్నాడు. "ఇవాళ్టికి ఉండనివ్వయ్యా. ఈ గుంటల్ని కళ్ళారా చూసుకోనీ."

దర్జీ తట్ట దింపి, తనూ కూర్చున్నాడు.