అడుగున చామంతి ఉన్న గిన్నె

డిగ్రీ పూర్తయిన ఏడాది జూన్‌లో అబిడ్స్‌లోని ఒక పాత వస్తువుల దుకాణంలో కేటలాగ్ అసిస్టెంట్‌గా చేరాను. ఆరేళ్లు చేసి, బాబు పుట్టే ముందు మానేశాను. నా పైన ఉన్నది వెలకట్టే రాజేందర్ సారు ఒక్కరే, దుకాణం ఆయనదే. పాత ఇళ్లు ఖాళీ చేసేవాళ్లు తెచ్చే పింగాణీ ముందు నా బల్ల మీదికే వచ్చేది. అందులో చాలావరకు జపాన్‌ది.

పరీక్షకు ఒక క్రమం ఉంది. గిన్నెను అరచేతిలో నిలిపి అంచును గోటితో మీటాలి. గంటలా మోగితే పగులు లేనట్టు. చప్పగా టక్కుమంటే ఎక్కడో వెంట్రుకంత పగులుంది. తర్వాత వెలుతురుకు ఎత్తి చూడాలి. చివరగా బొమ్మ మీద గోరు నడపాలి. నీలం బొమ్మలు సాధారణంగా గాజు పూత కింద ఉంటాయి, గోటికేమీ తగలదు. ఎరుపు, పచ్చ, బంగారు రంగులు పూత మీద వేసి తక్కువ వేడిలో మళ్లీ కాలుస్తారు, కాబట్టి గీత అంచు గోటికి తగులుతుంది. అలా తగిలితే మాకు సంతోషం. చేతిపని అనడానికి అదొక గుర్తు.

చూసినదంతా చీటీ మీద రాసేదాన్ని. వస్తువు, కాలం, స్థితి, ఇతర వివరాలు అని నాలుగు గళ్లు. తెలియనిది ఉంటే నాలుగో గడి ఖాళీగా వదలమని సారు మొదటిరోజే చెప్పారు.

ఆరో ఏడు చలికాలంలో సుజాత గారు వచ్చారు. నాంపల్లి స్టేషన్ వెనక ఉంటారు, బడిలో టీచరు. అత్తగారి తరఫున వచ్చిన ఆరు గిన్నెలు తెచ్చారు. అంచుకు బంగారు గీత, లోపల అడుగున ఎర్ర చామంతి. అమ్మే ఉద్దేశం లేదు, అసలువో కావో తెలిస్తే చాలన్నారు. ఏడాదిన్నర పాప ఉందని, తిండికి బాగా సతాయిస్తుందని చెప్పి నవ్వారు.

"రెండుసార్లు దీంట్ల పెడితే, అడుగున పువ్వు కనబడాలని మొత్తం తిన్నది మేడం. రోజూ పెట్టొచ్చా మరి?"

అసలైనది, చేత్తో వేసిన బొమ్మ, పగుళ్లు లేవు అని రాశాను. ఆమె అడిగారు కదా అని నాలుగో గడిలో "వాడుకకు పనికివస్తుంది" అని చేర్చాను. సారు నా మీద నమ్మకంతో సంతకం పెట్టారు.

మళ్లీ వానాకాలంలో వచ్చారు. అప్పుడు నాకు ఐదో నెల. తువ్వాలులో చుట్టిన ఒక గిన్నె నా ముందు పెట్టారు.

"గీ పువ్వు ఏడికి పోయిందో జర సూడున్రి మేడం."

రేకులు వెలిసిపోయి ఉన్నాయి. గోరు నడిపాను. ఏమీ తగల్లేదు. ఏం పెడుతున్నారని అడిగాను.

"రోజూ పప్పుచారే. పులుపు ఉంటేనే తింటది."

తక్కువ వేడికే కరగాలని ఆ రంగుల్లో సీసం కలుపుతారని, పులుపు తగిలితే అది బయటికి వస్తుందని నేను చదివాను. బొమ్మల గురించిన సమాచారంగా చదివాను. పాప అన్నం గిన్నె బల్ల మీద ఉన్నప్పుడు అది గుర్తు రాలేదు.

దాచకుండా చెప్పాను. ఆమె ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. పాపకు కొన్ని నెలలుగా కడుపునొప్పి, నిద్రలేదు, మొహం పాలిపోయింది. నులిపురుగులనుకుని రెండుసార్లు మందు వేశారట. పర్సులోంచి నా చీటీ తీసి మడత విప్పారు.

"మా ఆయన వద్దన్నడు మేడం, పాత రంగులు, ఏమో అని. నేను గిది సూపిచ్చి నోరు మూపిచ్చిన."

ఆ రోజే ఆమెతో పాటు దవాఖానకు వెళ్లాను. పాప రక్తంలో సీసం ఉండకూడనంత ఉందని నాలుగు రోజులకు తేలింది. గిన్నె మానేస్తే క్రమంగా తగ్గుతుందని, ఈలోపు మెదడుకు ఏం జరిగిందో పెరిగేకొద్దీ గాని తెలియదని డాక్టరు చెప్పారు. సారు ఇంకో గిన్నెను ల్యాబ్‌కు పంపారు. సిర్కా, అంటే వెనిగర్, పోసి ఒక రోజంతా ఉంచితే అందులోకి సీసం దిగింది. ఆయన ఇకమీదట చీటీలపై వేయడానికి "చూడడానికి మాత్రమే" అని రబ్బరు స్టాంపు చేయించారు.

నేను పాత చీటీల నకళ్లు తీశాను. "వాడుకకు పనికివస్తుంది" అని నేను రాసినవి ఇంకా పదకొండు దొరికాయి. అందరికీ ఫోన్ చేశాను. సుల్తాన్ బజార్ నుంచి ఒకాయన, "మా నానమ్మ అండ్లనే తిని ఎనభై ఏండ్లు బతికిందమ్మా, మీరేం ఫికర్ జేయకున్రి" అని నవ్వాడు. రెండు నంబర్లు పనిచేయడం లేదు. ఆ రెండిళ్ల గురించి ఇప్పటికీ నాకేమీ తెలియదు.

నేను మానేసే ముందు సుజాత గారు ఒకసారి ఫోన్ చేశారు. సీసం తగ్గిందట. మాటలు మాత్రం ఈడు పిల్లలకంటే ఆలస్యమట, దేనివల్లో ఎవరూ చెప్పలేకపోతున్నారట. స్టీలు గిన్నెలో పెడితే అన్నం పక్కకు జరిపి, అడుగు చూసి, చెయ్యి తీసేస్తుందట.

మా బాబుకు ఇప్పుడు ఏడాదిన్నర. మా ఇంట్లో రంగు బొమ్మలున్న గిన్నెలు లేవు. గోటి పరీక్ష బొమ్మ వేసిన చేతి గురించి చెబుతుంది, తినే నోటి గురించి చెప్పదు. నన్ను అడిగింది ఆ రెండోదాని గురించి. నాలుగో గడి ఖాళీగా వదిలి ఉంటే, ఆ ఇంట్లో భర్త మాట నిలిచేది.