ఎడమ ముక్కులో రాయి

దయ్యాలున్నాయా అని నన్నెవరైనా అడిగితే లేవనే చెప్తాను. ఇది జరిగాక కూడా అదే చెప్తున్నాను. మాది మూడు తరాలుగా చర్చికి పోయే కుటుంబం. చనిపోయినవాళ్ళు తిరిగొస్తారని ఎవరైనా అంటే మా నాన్న ఆ మాటను అక్కడే ఆపించేవాడు. నేను సండూరు అనే గనుల ఊళ్ళో ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్తాను. చీకటి గదంటే భయపడే పిల్లలకు లైటు వేసి, చూడు, ఏమీ లేదు అని చూపించే మనిషిని.

అందుకే ఇది రాయడానికి చాలా రోజులు వెనకాడాను. పేర్లు మార్చాను. మిగతాది జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఎడమ ముక్కులోంచి గాలి ఆడదు. చిన్నప్పుడు జలుబన్నారు. కాలేజీ రోజుల్లో సైనస్ అన్నారు. పెళ్ళయి సండూరు వచ్చాక దుమ్ము పడటం లేదన్నారు. ఈ ఊళ్ళో ఆ మాట ఎవరైనా నమ్ముతారు. మా ఇల్లు ఓర్, అంటే ఇనుప రాయి, మోసే లారీలు పోయే రోడ్డు మీద ఉంది. పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఇటుక రంగుకు తిరుగుతుంది. ఎవరు ముక్కు చీదినా ఎర్రగానే వస్తుంది. నాకు మాత్రం ఒక పక్కే కారుతుందని ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

ఆవిరి పట్టాను, చుక్కలు వేసుకున్నాను. అలా నాకు ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాయి.

ఆ తర్వాత వాసన మొదలైంది. అది నాకంటే ముందు ఎదుటివాళ్ళకు తెలిసింది. ఒకరోజు క్లాసులో ఒక పాప నా పక్కన నిలబడి పలక చూపిస్తూ ముక్కు మూసుకుంది. "మిస్, ఎలుక చచ్చిన వాసన వస్తాండాది" అంది. పిల్లలందరూ బెంచీల కింద వెతికారు. నేను కూడా వాళ్ళతో కలిసి వెతికాను. ఇంటికొచ్చాక అర్థమైంది, అది నా నుంచి వస్తోందని.

చర్చిలో పాటలు పాడేటప్పుడు వరస చివరికి జరిగి నిలబడటం మొదలుపెట్టాను. మా ఆయన దానియేలు రాత్రిళ్ళు అటు తిరిగి పడుకునేవాడు. ఒక ఆదివారం ముక్కు తుడుచుకుంటే రుమాలుకు రక్తమంటింది. అది దుమ్ము ఎరుపు కాదు. మరుసటి రోజే ఇద్దరం బళ్ళారి బస్సెక్కాము.

చెవి ముక్కు గొంతు డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "ఎప్పుడూ ఎడమ పక్కేనా?" అని. ఇన్నేళ్ళలో ఎవరూ అడగని మాట అది. ఒక్క పక్కే ఏళ్ళ తరబడి కారుతూ వాసన వస్తుంటే అది అలర్జీ కాదని చెప్పింది. ముక్కులోకి మొద్దుబార్చే మందు కొట్టి, చివర కెమెరా ఉన్న సన్నని గొట్టం లోపలికి పోనిచ్చింది. పక్కన తెర మీద బూడిదరంగులో గరుకుగా ఏదో కనిపించింది. సన్నని ఇనప కడ్డీతో దాన్ని తాకింది. టక్‌మని శబ్దం. అది చెవులతో విన్నట్టు లేదు, పుర్రె లోపలే మోగినట్టుంది.

"గట్టిగా ఉంది. గడ్డ కాదని తేల్చుకోవాలి, స్కాన్ తీద్దాం" అంది.

స్కాన్ ఫలితం వచ్చేదాకా రెండు రోజులు. మా అమ్మ రత్నమ్మ మా దగ్గరే ఉంటుంది. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆ రెండు రోజులూ అమ్మ సరిగ్గా అన్నం తినలేదు. ప్రార్థన చేస్తూ మోకాళ్ళ మీద నుంచి లేవలేదు. నాకు ముందు పుట్టిన పాప ఒకటి గొంతు జబ్బుతో పోయిందని నాకు తెలుసు. ఆ పాప పేరు గ్రేసు అని తప్ప ఇంకేమీ తెలియదు. ఇంట్లో ఆమె ఫొటో కూడా లేదు. రెండో బిడ్డ కూడా పోతుందేమోనని అమ్మ భయపడుతోందనుకున్నాను.

అది కాన్సర్ కాదు, రాయి. డాక్టరమ్మ స్కాన్‌ను వెలుగులో పెట్టి చూపించింది. ముక్కు లోపల తెల్లని ముద్ద. దాని నడుమ ఇంకా తెల్లగా, చుట్టూ గీతలు చిమ్ముతూ ఒక చుక్క. చిన్నపిల్లలు ముక్కులో గింజో గుండీయో దూర్చుకుంటారట. ఎవరూ చూడకపోతే అది అక్కడే ఉండిపోతుందట. ఒంట్లోని సున్నం దాని చుట్టూ పొర మీద పొర పేరుకుని చివరికి రాయవుతుందట.

"ఏం పెట్టుకున్నావమ్మా చిన్నప్పుడు?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఎన్నో నెలల తర్వాత నవ్వాను.

ఇంటికొచ్చి అమ్మను అడిగాను. అమ్మ నవ్వలేదు.

"నువ్వేం పెట్టుకోలేదు. నేను దినామూ చూస్తాంటి" అంది.

అది నిజమే. మేం అప్పట్లో ఉన్న కంప్లి ఊళ్ళో, నేను బడికి పోయే వయసు వచ్చేదాకా, అమ్మ నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని టార్చి వేసి ముక్కు, చెవులు, నోరు చూసేది. అందరు అమ్మలూ అలాగే చూస్తారనుకునేదాన్ని.

ఆపరేషన్ పొద్దున్నే చేశారు. పూర్తి మత్తిచ్చారు. ముక్కులోంచే, బయట కోత లేకుండా, రాయిని పగలగొట్టి ముక్కలు ముక్కలుగా తీశారు. నేను కళ్ళు తెరిచేసరికి ముక్కు నిండా గుడ్డపట్టీ ఉంది, నోటితో ఊపిరి తీసుకుంటున్నాను. దానియేలు పక్కనే ఉన్నాడు. అమ్మ మాత్రం వరండాలో గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. ఎవరు పిలిచినా లేవడం లేదు. బీపీ పడిపోయిందేమోనని నర్సు చూసింది. బీపీ బాగానే ఉంది.

డాక్టరమ్మ ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చి నా చేతికిచ్చింది. అందులో పెంకుల్లాంటి ముక్కలు, వాటి నడుమ ఒక పూస. మిరియం కంటే కొంచెం పెద్దది. నల్లగా, ఉక్కులా మెరుస్తోంది. ఆ పరిమాణానికి చాలా బరువు. దాన్ని తెల్లని పింగాణీ కప్పు అడుగున గరుకు అంచు మీద గీసి చూపించింది. ఎర్రని గీత పడింది.

"మీ ఊరి రాయే! ఇనుప ఓర్. దీన్ని ఎవరో అరగదీసి పూస చేశారు" అంది. ఆ డబ్బా అంతకుముందే అమ్మకు చూపించానని చెప్పింది.

ఇంటికొచ్చాక అమ్మ రెండు రోజులు నా గదిలోకి రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం నేను ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కుంటుంటే వచ్చి నిలబడింది. "అది ఇట్లియ్యి" అంది. డబ్బా ఇచ్చాను. పూసను రెండు వేళ్ళతో పట్టుకుని, కిటికీ వైపు తిరిగి, రంధ్రంలోంచి చూసింది. నాకిచ్చి నన్నూ చూడమంది.

రంధ్రం రెండు వైపులా ఉంది. కానీ వెలుతురు కనిపించలేదు.

"కనపడదు. రెండు పక్కల్నుంచి తొలిచినాడు, నడుమ వంకర పోయింది. దారం ఎక్కియ్యాలంటే సచ్చేంత పనయ్యేది. మీ నాయన చేసిందిది. గ్రేసుకు."

అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తాను. నేను పుట్టక ముందు వాళ్ళు సండూరు దగ్గరి యశ్వంతనగర్‌లో ఉండేవాళ్ళు. నాన్న గని వర్క్‌షాపులో ఫిట్టరు. మొదటి బిడ్డ పుట్టిందని ముద్దుగా ఓర్ రాయిని అరగదీసి ఒక పూస చేసి, నల్లదారంతో గ్రేసు చేతికి కట్టాడు. పాప అన్నీ నోట్లో పెట్టుకుంటుంది, కనిపెట్టుకుని ఉండమని అమ్మకు చెప్పాడు. పాపకు రెండున్నరేళ్ళప్పుడు దారం తెగింది. పాప పూసను ఎడమ ముక్కులో దూర్చుకుంది. అమ్మ తలపిన్నుతో తీయబోతే అది ఇంకా లోపలికి పోయింది. నాన్న అరుస్తాడని భయపడి, దారం తెగి పూస ఎక్కడో పడిపోయిందని చెప్పింది.

కొన్నాళ్ళకు పాప ముక్కు నుంచి రక్తపు నీళ్ళు కారడం మొదలైంది. పూస వల్లనే అనుకుని అమ్మ తుడుస్తూ, దాస్తూ వచ్చింది. తర్వాత జ్వరం వచ్చింది. మెడ వాచింది. గొంతు పోయింది. నాన్న ఓర్ లారీలో బళ్ళారికి తీసుకుపోయాడు. అక్కడ గొంతులో తెల్లని పొర చూసి డిఫ్తీరియా అన్నారు. మరుసటి రోజు పాప పోయింది.

"ఎవరూ ముక్కు సూడలేదు. నేనూ చెప్పలేదు" అంది అమ్మ.

"అయితే పూస?"

"దాని ముక్కులోనే ఉన్నింది. సమాధికి ముందర నీళ్ళు పోసింది నేనే కదా. తల వెనక్కి వాలిస్తే ఎండకు లోపల మెరిసింది. తీస్తే నలుగురూ చూస్తారని తీయలేదు. దాంతోనే పూడ్చినారు."

నేను పుట్టింది ఆ తర్వాత రెండేళ్ళకు. కంప్లిలో, వేరే ఇంట్లో. గని పని వదిలేసి నాన్న అక్కడ రైస్ మిల్లులో చేరాక.

దానియేలు విని, మామ ఇంకో పూస చేసి ఉంటాడు, సామాన్లలో పడి కంప్లికి వచ్చి ఉంటుంది అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. ఇంకేమనుకోగలను? నాన్నతో పనిచేసిన ఓబన్న అనే పెద్దాయన ఇప్పటికీ యశ్వంతనగర్‌లోనే ఉన్నాడు. దానియేలు బండి మీద నన్ను తీసుకుపోయాడు. పూస గుర్తుందా అని దానియేలు అడిగాడు.

"గుర్తు లేకుండా ఏందప్పా! ఒకటే చేసినాడు. ఆ ఒక్కదానికే రెండు డ్రిల్లు బిట్లు విరిగి, ఫోర్‌మన్ చేత తిట్లు తినింటిమి. ఇంకోటి చేద్దామా అంటే చేతులెత్తి మొక్కినాడు" అన్నాడు.

నేను బ్యాగులోంచి డబ్బా తీసి చూపిద్దామనుకున్నాను. తీయకుండానే బ్యాగు మళ్ళీ భుజానికి తగిలించుకున్నాను.

అమ్మ ఆ రోజు సరిగా చూసి ఉండకపోవచ్చు. బిడ్డ పోయిన మనిషి కళ్ళకు ఏదో మెరిసి ఉండవచ్చు. పూస ముందే ఊడి పడి ఏ గోనె మడతలోనో చేరి, నేను పాకే వయసులో నా చేతికి దొరికి ఉండవచ్చు. అమ్మ టార్చికి ఒక్కరోజు అందకుండా ఉండవచ్చు. ఇవన్నీ నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఒక్కొక్కటీ విడిగా చెప్పుకుంటే నమ్మబుద్ధవుతుంది. అన్నీ కలిపి చెప్పుకుంటే నోరు రాదు.

నెల తర్వాత మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ముక్కు మానింది, రెండు వైపులా గాలి ఆడుతోంది. పూస సంగతి తెలిసిందా అని అడిగింది. చిన్నప్పుడు నేనే పెట్టుకున్నానట అని చెప్పాను. ఆమె ఫైలులో అదే రాసుకుంది.

తర్వాత, తెలిసినవాళ్ళ పాప సంగతి అని చెప్పి అడిగాను. ముక్కులో పూస ఉంటే డిఫ్తీరియా వస్తుందా?

రాదంది. అది అంటుజబ్బు, పూసకూ దానికీ సంబంధం లేదంది. కానీ ఆ జబ్బు ముక్కులో మొదలైనా రక్తపు నీళ్ళే కారుతాయట. "పాపం, పూస అనుకుని ఊరుకున్నారేమో. ఆ నీళ్ళు కారేటప్పుడే తెచ్చి ఉంటే బతికేదేమో" అంది.

బస్సులో దారి పొడుగునా ఆ రెండో మాట గురించే ఆలోచించాను. ఎడమ ముక్కుకు కొత్తగా అన్ని వాసనలూ తెలుస్తున్నాయి. డీజిలు, తడిసిన మట్టి, పక్క మనిషి తలలో మల్లెపూలు. ఏదీ బాగా అనిపించలేదు.

అమ్మ గడపలోనే కూర్చుని ఉంది.

"పూస వల్ల కాదంటమ్మా. ఆ జబ్బు ఎవరికైనా వచ్చేదంట" అన్నాను.

"ముందే తీసుకపోయింటే?"

"అయినా బతికేది కాదంట."

అబద్ధం ఆడటం నాకు అలవాటు లేదు. అమ్మ నా ముఖంలోకి చూసింది. నమ్మిందో లేదో తెలియదు. తర్వాత, నన్ను కాదు, ఇంకెవరినో అడిగినట్టు అడిగింది.

"గ్రేసుకు నా మీద కోపం ల్యాకుంటే, దాన్ని నీకెందుకిచ్చిందమ్మా?"

లోపలికి పోయి ఆమెకు అన్నం పెట్టుకొచ్చాను. ఆ రోజు తినింది. పూసను అమ్మ తన దగ్గరే ఉంచుకుంది. ఎక్కడ పెట్టుకుందో నేను అడగలేదు.

దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. కానీ ఆసుపత్రి ఫైలులో నా పేరు కింద, పూసను నేనే పెట్టుకున్నానని ఉన్న వాక్యం తప్పు. అక్కడ ఏమని రాయాలో ఎవరైనా చెప్తే వింటాను. నాకు తెలియలేదు.