కిటికీ పక్క కుర్చీ

ఈ సంగతి చెప్పడానికి నేను ఇంతకు ముందు ప్రయత్నించలేదని అనుకోకండి. మా ఆవిడతో మొదలుపెట్టాను. మధ్యలో పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళింది. తిరిగి వచ్చాక "ఏదో చెబుతున్నారు" అని కూడా అడగలేదు. ఆఫీసులో ఒక స్నేహితుడికి చెప్పాను. అతను మొత్తం విని, "ఒక కుర్చీ గురించా ఇంత?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇవాళ్టికీ గుర్తే. ఒక డాక్టరుకు చెప్పబోతే సగంలోనే నిద్రమాత్రలు రాసిచ్చాడు. ఇన్నేళ్ళుగా గుండె మీద బండరాయి పెట్టుకుని తిరుగుతున్నాను, దించుకోవడానికి ఎవరైనా ఒక చెయ్యి వేస్తారేమోనని చూశాను. ఎవరూ వెయ్యలేదు. అందుకే ఎవరో తెలియని మీకు చెబుతున్నాను. మీరైనా చివరిదాకా వినండి.

నేను ఫిర్యాదులు చేసే మనిషిని. అది ముందే తెలుసుకోండి. నల్లా నీళ్ళు రాకపోయినా, బస్సు ఆగకుండా పోయినా, మార్కులు తగ్గినా వెళ్ళి అడిగేవాణ్ణి. ఎవరూ జవాబు చెప్పేవారు కాదు. ఎవరు ఎప్పుడు నన్ను ఎలా తీసిపారేశారో ఒక్కటీ మరచిపోలేదు. నా జీవితంలో అడిగిన రోజే పట్టించుకున్న ఫిర్యాదు ఒకే ఒక్కటి. అందులో అబద్ధం ఉంది.

అది అరవై తొమ్మిదో సంవత్సరం. అంతకు ముందు చలికాలంలో ఫ్లూ వచ్చింది. దేశదేశాలూ తిరిగి వచ్చిన జ్వరం అన్నారు. మా అశోక్‌నగర్‌లో మంచం పట్టని ఇల్లు లేదు. నాకూ వచ్చింది. జ్వరం తగ్గింది గాని నేను మునుపటిలా లేవలేదు. పుస్తకం తెరిస్తే చదివిన వాక్యమే మళ్ళీ మళ్ళీ చదివేవాణ్ణి. మధ్యాహ్నాలు ఏ కారణం లేకుండా ఏడుపు వచ్చేది. డిగ్రీ చదివే మగవాడు ఏడుస్తున్నాడంటే ఎవరితో చెప్పుకుంటాడు? అమ్మ దిష్టి తీసింది. నాన్న టానిక్కు తెచ్చాడు. "నీరసం, అదే పోతుంది" అన్నారు అందరూ. అది నీరసం కాదని నాకు తెలుసు, కాని అదేమిటో చెప్పడానికి నా దగ్గర మాట లేదు. ఆ ఏడు మా క్లాసులో ఎంతమందికి అలా ఉండేదో. ఎవరూ ఎవరినీ అడగలేదు.

సరిగ్గా అప్పుడే ప్రత్యేక రాష్ట్రం గొడవలు మొదలై నారాయణగూడలోని మా కాలేజీ మూసేశారు. పరీక్షలు ఎప్పుడో తెలియదు. రోజంతా ఖాళీ. జ్వరం తర్వాత మనిషికి ఇవ్వకూడనిది ఏదైనా ఉంటే అది ఖాళీయే. వెళ్ళడానికి మిగిలిన చోటు చిక్కడపల్లి సందులోని ఒక చదువుగది. దాతలెవరో కట్టించిన రెండు గదుల పెంకుటిల్లు. దినపత్రికలు, రెండు బీరువాల పుస్తకాలు, ఒక ఫ్యాను, ఒక మంచినీళ్ళ కుండ. ఆ కుండకు మూత లేదని నేను ఎన్నిసార్లు చెప్పినా దాన్ని నడిపే సూపరింటెండెంటుగారు "చూద్దాం లెండి" అని పేపరు తిప్పేవారు.

అక్కడ ఒక ఆనవాయితీ ఉండేది. పొద్దున్నే వచ్చి కుర్చీ మీద చేతిరుమాలు వేస్తే ఆ కుర్చీ వేసినవాడిది. దస్తీ వేయడం అంటారు ఇక్కడ. టీకి వెళ్ళినా, భోజనానికి వెళ్ళినా ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోరు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. బస్సులోనూ అంతే కదా.

జ్వరానికి ముందు, కాలేజీ నడిచే రోజుల్లోనూ, మల్లేశ్ నాకు అక్కడ రోజూ దస్తీ వేసేవాడు. నా క్లాసువాడే. పాలమూరు నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో వెనకసందు గదిలో అన్నతో ఉండేవాడు. అన్న ఎల్లయ్య తాపీపని. మా నాన్న గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా. నా యాస విని క్లాసులో కొందరు వెక్కిరించేవారు. మల్లేశ్ వెక్కిరించలేదు. అందరికంటే ముందే వచ్చి కిటికీ పక్కన రెండు కుర్చీల మీద రెండు దస్తీలు వేసేవాడు, ఒకటి తనకు, ఒకటి నాకు. ఫ్యాను గాలి సరిగ్గా తగిలేది ఆ రెండు కుర్చీలకే. ఆదివారం మాత్రం నా కుర్చీ ఎల్లయ్యది. ఉతికిన చొక్కా వేసుకుని, తలకు చుట్టే ఎర్ర తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని వచ్చి కూర్చునేవాడు. అతనికి చదువు రాదు. తమ్ముడు మెల్లగా పేపరు చదివి వినిపిస్తుంటే గది నలుమూలలా చూస్తూ ఉండేవాడు, ఆ గోడలు తనే కట్టినంత సంతోషంగా. ఆదివారాలు నేను తలుపు దగ్గర కూర్చునేవాణ్ణి. అది నాకు అవమానంగా అనిపించలేదు. అప్పుడు అనిపించలేదు.

నేను మంచంలో ఉన్నన్నాళ్ళూ మల్లేశ్ చూడటానికి రాలేదు. ఆ బాధ లోపల పెట్టుకున్నాను. లేచి తిరగగలిగాక చదువుగదికి వెళ్ళాను. అతను కిటికీ పక్కనే ఉన్నాడు. చిక్కి సగమయ్యాడు. పక్క కుర్చీ మీద దస్తీ లేదు. మడత పెట్టిన ఎర్ర తువ్వాలు ఉంది, అంచున సున్నం మరకలతో. నేను దాన్ని తీసి కూర్చోబోయాను.

అతను కుర్చీ మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆడ కూసోకు భాయ్."

గదిలో అందరూ తలలెత్తారు. వెనక నుంచి ఎవడో అన్నాడు. "ఏం గుంటూరు, నీ సీటు క్యాన్సలా?" నవ్వులు.

ఇక్కడే నన్ను నేను నిలదీసుకుంటాను. నాకు తెలియదా? తెలుసు. ఆ తువ్వాలు చూసిన క్షణమే తెలిసింది ఎల్లయ్య లేడని. నేను మంచంలో ఉన్న రోజుల్లోనే అదే జ్వరం అతన్ని తీసుకుపోయిందని, అందుకే తమ్ముడు నన్ను చూడటానికి రాలేదని, ఇప్పుడు వారంలో అన్ని రోజులూ ఆదివారమే అయిందని. తెలిసి కూడా "అన్నయ్య పోయారా?" అని ఒక్క మాట అడగలేదు. ఎందుకు? నవ్వారు కనుక. నా చెవుల్లో ఆ నవ్వే ఉంది గాని, ఎదురుగా ఉన్న మొహం లేదు.

ఆ రోజు నుంచి తలుపు దగ్గర కూర్చుని వాణ్ణి గమనించాను. మల్లేశ్ పుస్తకం తెరిచేవాడు. కాసేపు అక్షరాల వంక చూసేవాడు. నాకు లాగే చదువు ముందుకు పోయేది కాదు. అప్పుడు పేపరు తీసి పక్క కుర్చీ వైపు కొంచెం వంగి, పెదవులు కదలీ కదలకుండా చదివేవాడు. అలా ఒక పేజీ చదివాక ఊపిరి తీసుకుని తన పాఠం పుస్తకానికి తిరిగేవాడు. అప్పుడు చదవగలిగేవాడు. పేజీలు తిరగడం నేను చూశాను. జ్వరం పాడు చేసిన మెదడును అతను ఆ ఖాళీ కుర్చీతో బాగు చేసుకుంటున్నాడు. గదిలోవాళ్ళు అర్థం చేసుకున్నారు. ఎవరూ ఆ కుర్చీ జోలికి పోలేదు. నా ఒక్కడికే అది నా కుర్చీ. నాకు టానిక్కు తప్ప ఏమీ దొరకలేదే, వాడికి మాత్రం దొరికిందే అన్న కుళ్ళు కూడా ఉందేమో. ఉంది. ఏమో ఏమిటి, ఉంది.

ఒక రోజు సూపరింటెండెంటుగారి బల్ల దగ్గరికి వెళ్ళాను. మల్లేశ్ ఖాళీ కుర్చీతో మాట్లాడుతున్నాడని చెప్పాను. అది నిజం. జ్వరం ఇంకా తగ్గలేదని, దగ్గుతున్నాడని, పక్కన కూర్చోవడానికి అందరూ భయపడుతున్నారని చెప్పాను. అది అబద్ధం. కుండకు మూత వేయించలేని మనిషి ఆ మాటకు పేపరు పక్కన పెట్టాడు. ఫ్లూ అంటే అప్పటికి అంత భయం. మధ్యాహ్నం లోపల మల్లేశ్‌ను బయటికి పంపేశాడు, డాక్టరు చేత బాగైందని రాయించుకుని వస్తే గాని రావద్దని. జీవితంలో మొదటిసారి నా మాట చెల్లింది. మీ దగ్గర దాచను, ఆ పూట నాకు బాగానే ఉంది.

మర్నాడు సందు మొదట్లో మల్లేశ్ నిలబడి ఉన్నాడు, తువ్వాలు చేతి మీద వేసుకుని. నా కోసమే. దాటిపోదామనుకున్నాను. పిలిచాడు. నారాయణగూడ వైపు ఇరానీ హోటలుకు తీసుకెళ్ళి చాయ్ చెప్పాడు. ఆ మాటలు అప్పటి నుంచి ఇప్పటిదాకా నాలో తిరుగుతూనే ఉన్నాయి.

"లోపలికి రానిస్తలేరు భాయ్. నాకు బుఖార్ ఉన్నదంట. చూడు, చెయ్యి పట్టి చూడు."

పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"డాక్టర్ కాగితం తెచ్చుకోవచ్చు కదా," అన్నాను.

"నిన్ననే తెచ్చిన. ఆ సారు చూసి, బుఖార్ పోయిందిలే, తల్కాయ సంగతేంది అన్నడు." నవ్వబోయాడు. "నిజమే కావచ్చు. నాకే పరేషాన్ అయితది. ఇంట్ల పుస్తకం పట్టుకుంటె గోడలు మీదికొస్తయ్. ఆడ కూసుంటెనే నాలుగు అక్షరాలు ఎక్కుతున్నయ్. మా అన్నకు నన్ను పాస్ చేపియ్యాలని ఉండె."

నేను చాయ్ వైపు చూస్తున్నాను.

"నువ్వు కొట్లాడెటోనివి గద. కుండ మూత కోసమే గంత లొల్లి చేస్తివి. జర నా తరఫున పోయి అడుగు. గీ ముచ్చట నీ అంత గట్టిగ ఎవ్వరు అడగరు."

ఇంత పెద్ద నగరంలో నా ఫిర్యాదులకు విలువ ఇచ్చిన మనిషి ఒక్కడే. అతను నా దగ్గరికే వచ్చాడు. అప్పుడైనా చెప్పవచ్చు. నోరు తెరిచాను కూడా.

"అడుగుతాను," అన్నాను.

వెళ్ళాను. మల్లేశ్ సందు మొదట్లోనే ఆగాడు, ఎండలో. నేను చదువుగదిలోకి వెళ్ళాను. సూపరింటెండెంటుగారు తలెత్తి చూశారు. "సార్, నేను అబద్ధం చెప్పాను" అంటే సరిపోయేది. అంత చిన్న మాట. నేను కుండ దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగాను. తర్వాత కిటికీ పక్కకు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో నాకు ఇప్పటికీ తెలియదు. నాది అని చూసుకోవడానికా? ఫ్యాను గాలి తగిలింది. గదిలో ఎవరూ నా వైపు చూడలేదు, నవ్వలేదు. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అంత ఒంటరితనం నేను జ్వరంలో కూడా ఎరుగను. పేపరు మొత్తం తిరగేసి, గట్టిగా వాదించి వచ్చేంత సమయం గడిచిందనుకున్నాక లేచి వచ్చాను.

"ఒప్పుకోలేదు," అన్నాను. "చాలా చెప్పాను."

మల్లేశ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "పోనీలె అన్నా. నా కోసం మాటలు పడ్డవ్. నువ్వు చెప్పినంక గూడ ఇనలేదంటె ఇగ ఎవ్వరు చెప్పినా ఇనరు."

అంతవరకు "భాయ్" అనేవాడు. ఆ రోజు "అన్నా" అన్నాడు.

తర్వాత పరీక్షలు పెట్టారు. నేను రాశాను, అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. మల్లేశ్ నంబరు ఉన్న బల్ల ఖాళీగా ఉంది. అతని గదికి వెళ్తే ఇంటామె గుమ్మంలోనే నిలబడి, "పోయిండు బిడ్డా. యాడికని చెప్పలే. పుస్తకాలన్ని గీడనే ఇడిచిండు" అంది. ఎప్పుడో ఒకసారి అంబర్‌పేటలో కడుతున్న ఇంటి దగ్గర ఎర్ర తువ్వాలు చుట్టుకున్న మనిషి కనబడితే పేరు పెట్టి పిలిచాను. వెనక్కి తిరిగినవాడు ఎవరో. ఆ తర్వాత ఎర్ర తువ్వాలు కనబడినప్పుడల్లా ఆగుతాను. పిలవను.

మల్లేశ్ బాగానే ఉండి ఉండవచ్చు. ఊరికి వెళ్ళి, పెళ్ళి చేసుకుని, నన్నూ ఆ గదినీ మరచిపోయి ఉండవచ్చు. అలా అనుకుంటే నాకు తేలిక. నా తేలిక కోసమే అనుకుంటున్నానని తెలుసు గనుక అదీ నిలవదు. ఆ రోజుల్లో నిలదొక్కుకోవడానికి ఒక్కొక్కడూ ఏదో ఒకటి పట్టుకున్నాడు. అతను ఒక కుర్చీని పట్టుకున్నాడు. నేను ఒక కోపాన్ని పట్టుకున్నాను. నా కోపం నిలబడటానికి అతని కుర్చీ లాగేశాను.

ఆ చదువుగది ఇప్పుడు లేదు. ఆ చోట బట్టల దుకాణం ఉంది. సూపరింటెండెంటుగారు ఎప్పుడో పోయారు. ఇక ఈ ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి? ఇది నా మీద నేను ఇస్తున్న ఫిర్యాదు. ఇందులో అబద్ధం లేదు. ఇంతవరకు రాయగానే ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. క్షమించమని అడగను. ఆ మాట అడిగే ముఖం నాకు లేదు.

కాని మల్లేశ్, ఒక్కటి అడుగుతాను. ఇది నువ్వు చదివినా, నీకు ఎవరైనా చదివి వినిపించినా సరే. "నువ్వు చెప్పినంక గూడ ఇనలేదంటె" అన్నావు. ఆ మాట అంటూ నా కళ్ళలోకి చూశావు. ఆ అబద్ధం నాదేనని నీకు తెలుసా? తెలిసే నన్ను లోపలికి పంపించావా, ఇప్పుడైనా నిజం చెబుతానేమోనని ఎండలో నిలబడ్డావా? తెలిసే "అన్నా" అన్నావా? ఎన్నో ఆఫీసు కిటికీల ముందు నిలబడి జవాబు రాక తిరిగి వచ్చినవాణ్ణి. ఈ ఒక్కసారి అలా తిరిగి వెళ్ళను. ఇక్కడే నిలబడి ఉంటాను. జవాబు చెప్పు.