బురుల్చా డైరీలో శార్షెన్ పాట

పాట పాడి పెళ్లాన్ని గెలుచుకున్నానని శార్షెన్ పెళ్లయిన నాటి నుంచీ చెబుతున్నాడు. వేసవిలో కొండమీది మేతబయలుకు వెళ్లినప్పుడు ఆమె గుడారం ముందు నిలబడి కొముజ్ తంబుర మీటాడట, బురుల్చా కరిగి నీరైపోయిందట. విందుల్లో చెప్పాడు, సంతలో చెప్పాడు, చివరికి పశువుల డాక్టరుకీ చెప్పాడు. బురుల్చా అవుననలేదు, కాదనలేదు. ఆమెకు పని ఉండేది. వేకువనే పాలు పితకాలి, వెన్న తీయాలి, ఉన్ని తివాచీ కుట్టాలి. కుట్టు వంకరపోతే రాత్రి అయినా సరే విప్పి మళ్లీ కుట్టేది.

అలాంటి మనిషి పడుచుదనంలో డైరీ రాసిందని, పెట్టె సర్దుతున్న మనవరాలు బేగాయిమ్ కనిపెట్టింది. ఆ సమయానికి పొరుగింటి తుర్దుబాయ్ టీ తాగుతూ అక్కడే ఉన్నాడు.

"చదవమ్మా, ఆ పాట సంగతి ఇవాళ తేలిపోవాలి," అన్నాడు.

"ఏం తేలేది? నీకు కుళ్లు," అన్నాడు శార్షెన్. నిజానికి ఆ రోజు అతను ఆమె ముఖం చూడలేదు.

"చదువుకోండి. ఆవులు తప్ప ఏముంటాయందులో?" అంది బురుల్చా, తివాచీ మీంచి తలెత్తకుండా.

నిజంగానే ఆవులే. మచ్చావు తన్నింది. వానకు పిడకలు తడిశాయి. ఆ తర్వాత బేగాయిమ్ గొంతు సవరించుకుంది.

"'ట్రాక్టరు నడిపే శార్షెన్ వచ్చి పాడాడు. దూడ బెదిరి పాలు మానేసింది. గుడారం చెక్కతలుపు వేసేద్దామంటే చేతులు పిండిలో ఉన్నాయి.'"

తుర్దుబాయ్ ముక్కులోంచి టీ వచ్చింది. "కరిగింది దూడన్నమాట!"

"ఆ రోజు నాకు గొంతు పట్టేసింది," అన్నాడు శార్షెన్.

"మర్నాడు కూడా పట్టేసినట్టుంది తాతా. 'మళ్లీ వచ్చాడు. ఇవాళ చేతికి పిండి లేదు. తలుపు వేసేశాను.'"

శార్షెన్ టోపీ అందుకున్నాడు. తెల్లారేసరికి ఊరంతా నవ్వుతుంది. ఇక ఏ విందుకి ఏ మొహంతో వెళ్లాలి?

"ఆగు తాతా, ఇంకా ఉంది. 'రాత్రి పెనుగాలి. పక్క గుడారాలు లేచిపోయాయి, మాది కదల్లేదు. తాళ్లన్నీ ఎవరో కొత్తగా బిగించారు. ముడి పట్టి చూశాను. మా నాన్న కూడా అంత శుభ్రంగా వేయలేడు. ఎవరంటే ట్రాక్టరు శార్షెనట. పాడకుండా ఉంటే చేసుకుంటానని అమ్మతో చెప్పాను.'"

శార్షెన్ గడప దగ్గరే ఆగిపోయాడు. "నేనా? ఆఁ... ఆ రోజూ పాడదామనే వెళ్లాను. గాలికి వినపడదని, ఊరికే నిలబడలేక..."

"అది చెప్పకుండా ఉండాల్సింది," అంది బురుల్చా.

శార్షెన్ టోపీ తీసి మళ్లీ కూర్చున్నాడు. "తుర్దుబాయ్, ఆ లేచిపోయిన గుడారాల్లో మీది కూడా ఉంది కదూ?"

తుర్దుబాయ్‌కి ఒక్కసారిగా రొట్టెముక్క మీద శ్రద్ధ పెరిగింది.

"పిల్లా, ముడి దగ్గర్నుంచి మళ్లీ చదువు. నిదానంగా," అన్నాడు శార్షెన్.

"చదివింది చాలు," అంది బురుల్చా. "దొడ్డి తలుపు ఊగిపోతోంది. వచ్చిన విద్య ఉందిగా, వెళ్లి కట్టు."

శార్షెన్ అప్పుడే లేచాడు. కట్టాడు. బురుల్చా సూది తివాచీకి గుచ్చి బయటికొచ్చి, తాడు పట్టుకుని ఒంటి బరువంతా వేసి లాగింది. కదల్లేదు.

"ఊఁ," అంది. "అవతలి వైపు కూడా కట్టు."