మరచెంబులో వెలుగు

పంతొమ్మిదివందల యాభైల్లో ఒక ఎండాకాలం. తిరువూరులో బెజవాడ బస్సెక్కాను. ఊరు దాటి రెండు మైళ్ళు పోయామో లేదో ఇంజను ఆవిరి కక్కి ఆగిపోయింది.

నా ఎదుటి సీట్లో ఒకామె, ఆమె ఒళ్ళో నాలుగేళ్ళ పాప. మూత తీసిన మరచెంబు ఆ పాప చేతిలో ఉంది. నీళ్ళమీద ఎండ పడి, బస్సు లోపలి కప్పుమీద వెలుగు ముద్ద ఒకటి ఆడుతోంది. చెంబు కదిపితే అదీ కదిలేది. కదిలిన ప్రతిసారీ పాప కొత్తగా నవ్వేది.

ఇంతలో డ్రైవరు లోపలికి తొంగిచూశాడు. "రేడియేటర్లోకి నీళ్ళు కావాలండి. ఉన్నవాళ్ళు కాసిని ఇవ్వండి."

నా దగ్గర నిండు కూజా ఉంది. మడమతో దాన్ని సీటు కిందకి తోశాను.

"ఇద్దామా, అమ్మా?" అంది తల్లి. పాప కప్పు వంక ఒకసారి చూసుకుని, చెంబు రెండు చేతులా అందించింది.

ఖాళీ చెంబు తిరిగొచ్చింది. పాప అందులోకి చూసింది, పైకి చూసింది.

"అమ్మా, బస్సు నా వెలుగు కూడా తాగేసింది," అని పడిపడి నవ్వింది.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. కూజా బయటికి తీసి చెంబులో నీళ్ళు వంచాను. వెలుగు మళ్ళీ కప్పెక్కింది. పాప చప్పట్లు కొట్టింది.

"చాలండి. మీకూ కాసిని ఉంచుకోండి," అంది తల్లి.

ఇందాక ఈ కూజా ఎక్కడుందని ఆమె అడగలేదు. ఆ మేలు ఇన్నేళ్ళయినా మరచిపోలేదు.

బెజవాడ దాకా కూజాని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను.