ముట్టని సగం

ఈ నెల మొదట్లో ఒక పొద్దున మా మేడమ్ వాళ్ల అన్న ఫోన్ చేశాడు. "మీ మేడమ్ పోయింది బిడ్డా. నిద్రలనే పోయింది, తిప్పలు పడలే," అన్నాడు. ములకలపల్లి దగ్గర అడవి అంచు ఊరు వాళ్లది. జబ్బు పడ్డాక ఆమె అక్కడే ఉంటున్నారు. ఇవాళో రేపో అని తెలిసిందే.

సముద్రం అడుగు మట్టిని చదవడం ఆమె పని. ఓడ మీద నుంచి పొడవాటి గొట్టం దింపి, పొరలు చెదరకుండా ఆ మట్టిని పైకి తెస్తారు. అందులో ఇసుక రేణువంత గవ్వలుంటాయి. వాటిని కడిగి, యాసిడ్‌లో కరిగించి కొలుస్తాం. మెగ్నీషియం ఆనాటి నీళ్లెంత వెచ్చగా ఉన్నాయో చెబుతుంది, బేరియం నది నీరెంత కలిసిందో చెబుతుంది. పాల్వంచ క్వార్టర్లలో పెరిగిన నాకు ఈ పని నేర్పింది ఆవిడే.

ల్యాబ్‌లో మొదటి రోజే చిటికెడు మట్టి తీసి ముందు పళ్ల మధ్య పెట్టుకున్నారు. నేను మొహం తిప్పుకుంటే నవ్వారు. "కరకరమంటే ఒండ్రు, జారితే బంకమట్టి. నువ్వూ సూడు, ఏం గాదు. మన దిక్కు మట్టే, గోదారి తెచ్చింది." సెలవులకు కలిసి ఊరికి వచ్చేటప్పుడు భద్రాచలం వంతెన మీద బస్సు కిటికీలోంచి ఎర్రటి వరద చూపించేవారు. "అగో, మన అడవి మట్టి పోతాంది. జల్దీ పోయి సముద్రంల పట్టుకో," అనేవారు.

గోదావరి కలిసేచోటికి ఎదురుగా తీసిన ఒక గొట్టం మీద ఆమె ఏళ్లు గడిపారు. అందులో వేలెడు మందం పొర దగ్గర బేరియం ఉన్నట్టుండి పడిపోయింది. నది నిజంగా అంత సన్నబడిందా, మా కొలతే తప్పా? మళ్లీ కొలుద్దామంటే ఆ పొర అయిపోయింది. గొట్టాన్ని నిలువునా చీల్చి, ఒక సగం పనికి వాడి, రెండో సగం ముట్టకుండా చల్లగదిలో దాచడం మా పద్ధతి. దాన్ని తీయడానికి ఆవిడ ఒక్క మాట చాలు.

పోయిన నెల ఊళ్లో ఆవిడ మంచం పక్కన కూర్చుని బతిమాలాను. "మీరుండంగనే తేలిపోవాలె మేడమ్."

"మన మిషన్లకు గుప్పెడు మట్టి గావాలె. రేపొచ్చేటోళ్లకు చిటికెడు చాలేమో. విత్తనాలు వండుకొని తింటమా, చెప్పు?" అన్నారు. "తెల్సుకోవాలని నాకు మస్తుగ ఉన్నది," అని గోడ వైపు తిరిగారు.

నాకు కోపమొచ్చింది. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు. తెలుసుకోకుండానే ఆవిడ వెళ్లిపోయారు.

చల్లగది బాధ్యత ఇప్పుడు నాది. ఇంక ఆ సగం తీసి చూద్దాం, ఫలితం ఆవిడ పేరు మీదే అచ్చు వేయిద్దాం అన్నారు ల్యాబ్‌లో తోటివాళ్లు. వచ్చాక చెబుతానని ఆవిడ ఊరికి బస్సెక్కాను.

దినాల నాడు తొలకరి పడింది. భోజనాలయ్యాక వాళ్లన్న పొయ్యి మీద వేలాడే విత్తనాల సొరకాయ బుర్ర దించాడు. పొగకు నల్లబడింది అది.

"పోయిన పంటల చెల్లె ఏరి పెట్టింది. మొన్న వంటకు గింజలు తక్కువైనయి గని, దీన్ని ఎవ్వలం ముట్టలే," అంటూ నా అరచేతిలో కొన్ని జొన్నలు పోశాడు.

ఒక్కటీ రాలకుండా వాటిని మళ్లీ బుర్రలో పోశాను. అక్కడి నుంచే తోటివాళ్లకు ఫోన్ చేసి, ఆ సగాన్ని ముట్టొద్దని చెప్పాను.

ఆయన బుర్ర చంకన పెట్టుకుని, తడుస్తూనే చేలోకి దిగాడు. అడుగు తీసినచోటల్లా గుంటలు పడి నిండుతున్నాయి. అవి పొంగి, ఎర్రటి నీళ్లు సన్నగా వాగు దిక్కు పోతున్నాయి.