అచ్చు మూటతో మైదుకూరు దాకా

ఈ ప్రయాణం గురించి రాయమన్నది మా సంఘం వాళ్ళు. మునిగిన ఊళ్ళ నుంచి వచ్చిన నేతగత్తెలు నాలాంటివాళ్ళు ఇంకెక్కడైనా ఉంటే వాళ్ళకు దారి తెలియాలి కదా అని సంఘంలోని మేరమ్మక్క పట్టుబట్టింది. పదో తరగతి చదివిన పాపానికి నేను తప్పించుకోలేకపోయాను.

ముందు ఎందుకు వెళ్ళామో చెప్పాలి. మా ఊరు రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది. నాలుగేళ్ళ కిందట ఇళ్ళు ఖాళీ చేసి, కర్నూలు పక్కన కల్లూరులో కట్టిన కాలనీకి వచ్చాం. కాగితాల్లో మేం నిర్వాసితులం, వీధిలో మునకోళ్ళం. మాది గుంట మగ్గం, నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసేది. చెక్క సామానంతా లారీలో వచ్చింది కానీ గుంటను లారీకెక్కించడం ఎవరి తరం? అది అక్కడే ఉండిపోయింది.

నేను నా చేతులతో మోసుకొచ్చింది అచ్చు ఒక్కటే. పడుగు పోగులన్నీ, అంటే బట్టలో నిలువు దారాలన్నీ, ఒక్కొక్కటిగా దూరి వచ్చే చట్రం అది. చీర నేసి కోసుకున్నాక జానెడు పోగుల కొసలు అందులోనే వదిలేస్తాం. కొత్త పడుగు వచ్చినప్పుడు బూడిద అద్దుకుంటూ ఒక్కో కొత్త పోగును ఒక్కో పాత కొసకు మెలిపెట్టి అతుకుతాం. ఆ ఇంట్లో నేసిన ఆఖరి చీర కొసలు నా అచ్చులో ఉన్నాయి. నెమలికంఠం రంగువి. ఆ అచ్చును ట్రంకుపెట్టెలో పెట్టి నాలుగేళ్ళు ఎవరినీ ముట్టనివ్వలేదు. నేనూ ముట్టలేదు, మగ్గం మీద కూర్చోలేదు.

మొదట్లో మాట్లాడటం కూడా మానేశాను. మా ఆయనకు అన్నం వండేదాన్ని, కూతురు శైలుకు జడ వేసేదాన్ని, అంతే. మేరమ్మక్క నన్ను రెక్క పట్టుకుని చర్చి వెనక హాల్లో ప్రతి మంగళవారం జరిగే ఆడవాళ్ళ సంఘానికి తీసుకుపోయింది. అక్కడ కష్టం చెప్పుకోవచ్చు, చెప్పుకోలేనివాళ్ళు పని చెయ్యాలి. టైలరు మహబూబీ కుట్టిన జాకెట్ల కుప్ప నా ఒళ్ళో పోసి, చిన్న కత్తెర చేతికిచ్చింది. "మాట రాకుంటే పోనీలే మ్మే. ఏలాడే దారాలన్నీ కత్తిరించు," అంది. ఏడు నెలలు దారాలే కత్తిరించాను. ఎనిమిదో నెలలో ఒక జాకెట్టు చెయ్యి వంకరగా ఉందని ఆమెతోనే పోట్లాట పెట్టుకున్నాను. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ రోజు నుంచి నా నోరు మూయించడానికి వాళ్ళు పడుతున్న అవస్థ వేరే కథ.

కిందటి నెల హాల్లో గుంట అక్కర్లేని ఫ్రేము మగ్గం ఒకటి ప్రత్యక్షమైంది. నా కోసమేనని ఎవరూ అనలేదు, అందరూ నా వైపే చూశారు. నా అచ్చులోని కొసలకే కొత్త పడుగు అతుక్కుంటే కూర్చుంటాను, లేకపోతే లేదు అన్నాను. కల్లూరులో అతకడం నాకు తప్ప ఎవరికీ తెలీదు, పడుగు తయారుచేసేవాళ్ళూ లేరు. పాత ఊళ్ళో నా పక్కింటి సుబ్బక్క ఇప్పుడు మైదుకూరు అవతల తన పుట్టింటి ఊళ్ళో ఉంటోంది. ఫోన్ చేస్తే, "పడుగు తయారుగా ఉండాది, అచ్చు ఎత్తుకోని రా," అంది.

శనివారం పొద్దున ఐదూ నలభై ఐదుకు మేరమ్మక్క, మహబూబీ, నేను ముగ్గురం షేరాటో ఎక్కాం. మనిషికి ఇరవై. ఆరున్నరకు కర్నూలులో కడప ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆడవాళ్ళకు బస్సు ఉచితం, ఆధార్ చూపిస్తే చాలు. కండక్టరు నా కార్డు చూసి ఆగిపోయాడు.

"ఈ ఊరు యాడుండాదమ్మా? యిననే లేదే?"

"నీళ్ళల్లో ఉండాదప్పా."

ఒక క్షణం ఆలోచించి, "ఆంధ్రా నీళ్ళే కదా," అని సున్నా టికెట్టు కొట్టిచ్చాడు.

ఎనిమిదిన్నరకు నంద్యాల. బస్టాండు బయట బొరుగుల ఉగ్గాని, బజ్జీ ప్లేటు నలభై. ఉగ్గాని బాగుంది. బజ్జీలో కారం లేదని మహబూబీ బండివాడికి క్లాసు పీకబోయింది, బస్సు హారన్ వాడిని కాపాడింది.

ఆళ్ళగడ్డ దాటాక నాకు నిద్ర ముంచుకొచ్చింది. అచ్చు మూట మహబూబీ ఒళ్ళో పెట్టాను. చాగలమర్రి దగ్గర గతుకులకు మెలకువ వచ్చింది. పక్కనుంచి కిచ్ కిచ్‌మని చప్పుడు. మహబూబీ చేతిలో కత్తెర, ఒళ్ళో మూట విప్పి ఉంది.

"సూడు, ఎంత నీటుగా చేసినానో! నాలుగేండ్లు పెట్టెలో పెట్టుకున్యావు, ఒక్క దారమన్నా కత్తిరించలేదే. ఏం శిష్యురాలివి మ్మే నువ్వు!"

కుడి సగం కొసలు లేవు. అచ్చులో మిగిలిన తునకలు కూడా జారి రాలిపోయాయి. నెమలికంఠం రంగు ముక్కలన్నీ ఆమె ఒళ్ళో ఉన్నాయి. మా సంఘంలో చెయ్యి ఖాళీగా ఉంటే దారాలు కత్తిరించడమే పని, ఆమె తప్పేమీ లేదు. ఆ మాట ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు ఆమెను బస్సులోంచి తోసెయ్యాలనిపించింది. నా ముఖం చూసి మేరమ్మక్కకు అర్థమైంది, ఆమె మహబూబీ చెవిలో చెప్పింది. మహబూబీ ముక్కలన్నీ ఏరి కొంగున కట్టుకుంది.

"నేను వెనక్కి పోతా," అన్నాను.

"వెనక్కి పోయే బస్సు కూడా మైదుకూరులోనే దొరుకుతాదిలే, కూచ్చో," అంది మేరమ్మక్క.

పదకొండుంబావుకు మైదుకూరులో దిగాం. బద్వేలు బస్సు ఎదురుగా కనిపించింది, మేరమ్మక్క నన్ను అందులోకి నెట్టింది. అరగంటలో సుబ్బక్క ఊరు. అచ్చు చూసి సుబ్బక్క నోరు నొక్కుకుంటుందనుకున్నాను. నవ్వింది.

"ఎడమ సగం అతుకుదాం. కుడి సగం పోగు పోగూ కొత్తగా దూర్చల్ల. ఎవురు కత్తిరించినారో ఆమెనే కూచ్చోబెట్టు."

వెయ్యికి పైగా పోగులు. సుబ్బక్క వెనకనుంచి పోగు అందిస్తుంటే మహబూబీ ముందునుంచి లాగింది. ముప్పై ఏళ్ళు సూదిలో దారం ఎక్కించిన మనిషి, నేర్చుకోవడానికి పది నిమిషాలు పట్టింది. నేను ఎడమ వైపు బూడిద అద్దుకుంటూ అతుకుతున్నాను. పక్కన మేరమ్మక్క పోగులు విడదీసి ఇస్తోంది. గంటసేపు కుడి వైపు చూడలేదు.

"రత్నా," అంది మహబూబీ. "కండ్లల్లో నీళ్ళు వచ్చి పోగు కానరాలేదు. రెండు చేతులూ పనిలో ఉండాయి. రోంత తుడువు మ్మే."

తుడిచాను. నా వేళ్ళకున్న బూడిదంతా ఆమె ముఖానికి అంటుకుంది. సుబ్బక్క చూసి ఫక్కుమంది, తర్వాత మేరమ్మక్క, చివరికి నేను. ఆ కొసలు తెగితే చచ్చిపోతానని నాలుగేళ్ళు అనుకున్నాను. తెగాయి, చావలేదు. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, ఆకలి కూడా వేసింది. రాగిసంగటి, శెనగవిత్తనాల చట్నీ. నేను రెండు ముద్దలు తిన్నాను.

బస సుబ్బక్క వాకిట్లో మంచాల మీద. అద్దె కింద మహబూబీ సుబ్బక్క కోడలి జాకెట్లు మూడు సరిచేసి ఇచ్చింది. ఆదివారం పదకొండింటికి ఆఖరి పోగు లాగాం. పడుగును అచ్చుతో సహా చుట్టి, రెండు దుప్పట్లలో కట్టి, మైదుకూరులో ఒకటిన్నర బస్సు ఎక్కాం. ఈసారి కండక్టరమ్మ. "ఇది ఆడమనిషి కాదు కదా," అని పడుగుకు లగేజీ కొట్టింది.

ఈ దారిన రాబోయేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. మధ్యాహ్నం తిరుగు బస్సులో కుడి వైపు కూర్చోండి, ఎండ తగలదు. నీళ్ళు రెండు సీసాలు పెట్టుకోండి. టైలరుతో వస్తే కత్తెర ముందే లాక్కోండి. లాక్కోవడం మరిచిపోతే మాత్రం వెనక్కి పోవద్దు.

ఆళ్ళగడ్డ ఇంకా రాకముందే శైలు ఫోన్ చేసింది.

"అమ్మా, అతుక్కునిందా? మగ్గం మీద ఎప్పుడు కూచ్చుంటావు?"

నాలుగేళ్ళుగా ఈ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు 'చూద్దాంలే' ఒకటే. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"రేపే. నువ్వు బడికి పోకముందే."

అటువైపు నుంచి ఒక్క కేక. "నాయనా! అమ్మ రేపు నేస్తాదంట!"

ఫోన్ పెట్టెయ్యడం మరిచిపోయింది. హాలు తాళంచెవి ఎవరింట్లో ఉందో వీధిలో ఇల్లిల్లూ అడుగుతూ పరుగెత్తుతున్న నా కూతురి గొంతును ఆళ్ళగడ్డ దాటేదాకా వింటూనే ఉన్నాను.